కాంతి మీద ప్రసంగాలా? ముందు గదిని చీకటి చేయండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: కాంతిని ఇటు సైన్సు, అటు కళలు కలిపి జనానికి ఎలా చూపించాలి? నాలుగింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా యూనివర్సిటీలో వరసగా కొన్ని శనివారాలు కాంతి మీద బహిరంగ ప్రసంగాలు పెడుతున్నాం. ఫిజిక్స్ వాళ్లతో పాటు చిత్రకారులు, రంగస్థలం వాళ్లు కూడా మాట్లాడతారు. మొదటి రోజే జనం కళ్లారా చూసేది ఏదైనా ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి. ఏం చేయమంటారు?
– ఒక అధ్యాపకురాలు, తార్నాక

జవాబు: ఒక తరగతి గదినే కెమెరాగా మార్చేయండి. గదిని చీకటి చేసి, కిటికీకి వేసిన అట్టలో చిన్న రంధ్రం పెడితే, బయటి దృశ్యం లోపల తలకిందులుగా బొమ్మ పడుతుంది. ఫిజిక్స్ వాళ్లూ చిత్రకారులూ పక్కపక్కన నిలబడి మాట్లాడదగ్గ ప్రదర్శన ఇంతకు మించి లేదు. 11వ శతాబ్దంలో అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ కాంతి నడకను పరిశీలించింది ఇలాంటి చీకటి గదిలోనే.

పెద్ద హాలు జోలికి వెళ్లకండి. వీధో, చెట్లో కనిపించే కిటికీ ఉన్న చిన్న గది చాలు, ఒక విడతకి ఇరవై మంది. ఎండ పడాల్సింది మీ కిటికీ మీద కాదు, బయటి దృశ్యం మీద. కాబట్టి కిటికీ పడమర వైపు ఉంటే ఉదయం పదింటికి, తూర్పు వైపు ఉంటే మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి. కిటికీకి నల్ల చార్టు ఒక్క పొర వేస్తే వెలుగు లోపలికి వస్తూనే ఉంటుంది. అట్టపెట్టె ముక్కలు పరిచి, అతుకుల మీద వెడల్పాటి గమ్ టేపు వేయండి. అందరూ మరిచిపోయేవి వెంటిలేటరు, తలుపు కింది సందు, ఏసీ మీద వెలిగే అంకెలు, ప్రొజెక్టరు ఎర్ర లైటు. అన్నీ మూయాలి.

ఇక రంధ్రం సంగతి. మూడు మీటర్ల దూరంలో గోడ ఉంటే, లెక్క ప్రకారం అన్నిటికన్నా స్పష్టమైన బొమ్మనిచ్చే రంధ్రం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. కానీ ఆ బొమ్మ ఎంత మసకంటే సగం మందికి ఏమీ కనబడదు. వెలుతురు కోసం 10 మి.మీ. చేస్తే అంచులు సెంటీమీటరు మేర అలుక్కుపోతాయి. అందుకని కళ్లద్దాల షాపులో, ఫ్రేముకి కోయని +0.50 పవర్ లెన్సు ఒకటి అడగండి. దాని ఫోకస్ దూరం 2 మీటర్లు. అట్టలో 4 సెం.మీ. రంధ్రం చేసి లెన్సుని దాని మీద టేపుతో బిగించండి. 10 మి.మీ. రంధ్రం కంటే 16 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, బొమ్మా తేటగా ఉంటుంది.

లెన్సుకి 2 మీటర్ల దూరంలో ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కట్టండి. వంద మీటర్ల అవతల ఉన్న 30 మీటర్ల భవనం దాని మీద 60 సెం.మీ. ఎత్తున, తలకిందులుగా, రంగులతో పడుతుంది. దారిన పోయే ఆటోలు పైఅంచున పరిగెడతాయి. 20 మీటర్ల దూరంలోని చెట్టు కావాలంటే పంచెను ఇంకో 22 సెం.మీ. వెనక్కి జరపాలి. అందుకే దాన్ని గోడకి కొట్టేయకుండా, జరపడానికి వీలుగా రెండు కర్రలకి కట్టుకోండి.

ప్రదర్శన చెడేది ఎక్కువగా మనుషుల వల్లే. ఎండలోంచి వచ్చిన వాళ్ల కళ్లు చీకటికి అలవాటు పడటానికి పది నిమిషాలు పడుతుంది. మొదటి నిమిషంలోనే ‘ఏం కనబడట్లేదు’ అంటూ ఎవరో ఫోను టార్చి వేస్తారు, దాంతో అందరికీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఫోన్లు బయటే పెట్టించి, ఆ పది నిమిషాలూ చిత్రకారుణ్ణి మాట్లాడించండి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ ఇలాంటి పరికరం చూసే బొమ్మలు వేశాడని చాలామంది అంటారు. దానికి పత్రాల్లో సాక్ష్యం లేదు, పోస్టరు మీద మాత్రం అచ్చు వేయకండి.

ప్రశ్న: సినిమా హాలు త్రీడీ కళ్లద్దాలు రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి 90 డిగ్రీలు తిప్పినా చీకటి కావడం లేదు. పుస్తకంలో మాత్రం కాంతి ఆగిపోతుందని ఉంది. తప్పెక్కడ?
– ఇంటర్ విద్యార్థి, మలక్‌పేట

జవాబు: పుస్తకం చెప్పేది మామూలు పోలరాయిడ్ రేకు గురించి, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే రేకు. చాలా హాళ్లలో ఇచ్చే కళ్లద్దాలకు తెర వైపు ఇంకో పొర అదనంగా ఉంటుంది, అది వర్తుల ధ్రువణం (కంపించే దిశ గుండ్రంగా తిరిగే కాంతి) కోసం. ఆ ముఖాలు ఎదురెదురుగా ఉంటే ఎంత తిప్పినా మార్పు రాదు. కంటి వైపు ముఖాలు ఎదురెదురుగా పెట్టి తిప్పు, చీకటి అవుతుంది.

రెండో జత లేకపోయినా పని జరుగుతుంది. ఎల్‌సీడీ ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిస్తే వచ్చేది ధ్రువిత కాంతే, అంటే ఒకే దిశలో కంపించేది. గాజు ముక్క మీద సెల్లోటేపు మెట్లుమెట్లుగా ఒకటి నుంచి ఆరు పొరల దాకా అంటించి తెర ముందు పట్టుకో. కళ్లద్దాలు తిరగేసి, అంటే కంటి వైపు ముఖం తెరకి పెట్టి, దాన్ని చూడు. ఒక్కో మెట్టు ఒక్కో రంగు. రంగులు రాకపోతే టేపు అంచు ధ్రువణ దిశకి సమాంతరంగానో, లంబంగానో పడిందన్నమాట. గాజుని 45 డిగ్రీలు తిప్పితే సరిపోతుంది.

ప్రశ్న: మా ప్రసంగాల చివరిరోజు తోలుబొమ్మలాట ఉంది. రిహార్సల్‌లో వెనక ఎల్‌ఈడీ ప్యానెల్ పెడితే బొమ్మల అంచులు మసకబారాయి, ఎరుపు రంగు చచ్చిపోయింది. ఎందుకు?
– ఒక నిర్వాహకుడు, నాంపల్లి

జవాబు: అంచులు మసకబారడానికి ప్యానెల్ వెడల్పే కారణం. దీపం 30 సెం.మీ. వెడల్పుండి, బొమ్మకి మీటరున్నర వెనక ఉందనుకోండి. బొమ్మ తెరకి 5 సెం.మీ. ఎడంగా ఉంటే నీడ అంచు సెంటీమీటరు అలుక్కుపోతుంది. అదే దీపం 2 సెం.మీ. ఉంటే మిల్లీమీటరు కూడా ఉండదు. పూర్వం ఆముదం దీపాల వెలుగులో ఆడించినప్పుడు ఈ బెడద తక్కువ, పైగా మంట కదలికతో బొమ్మకి ప్రాణం వచ్చేది. పక్కపక్కన నాలుగు బల్బులు పెడితే ఒక్కో అంచుకి నాలుగేసి నీడలు పడతాయి, అదీ వద్దు. చిన్న చిప్పులన్నీ ఒకే చోట ఇమిడి, ఒకే దీపంలా వెలిగే సీవోబీ ఎల్‌ఈడీ తీసుకోండి. పెట్టె మీద 3000 కెల్విన్ లోపు (పసుపు ఛాయ వెలుగు), సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన అని ఉందో లేదో చూడండి. చవక తెల్ల ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు తక్కువ, అందుకే రావణుడు గోధుమరంగులో కనిపిస్తాడు. హాలోజన్ రంగులు బాగా చూపిస్తుంది గానీ, దగ్గర పెడితే వేడికి తోలు వంకర పోతుంది.

ప్రశ్న: ఈ ప్రసంగాలకి తగిన తేదీలేమిటి? హైదరాబాద్‌తో ముడిపడ్డ విషయం ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మే 16 అంతర్జాతీయ కాంతి దినోత్సవం. 1960లో అదే రోజు థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. కానీ మన దగ్గర అప్పుడు సెలవులు, ఎండలు. జనం రావాలంటే ఫిబ్రవరి 28 మేలు, 1928లో రామన్ ఎఫెక్ట్ కనుగొన్న రోజు. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం ఆ తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన మీద ఒక ప్రసంగం ఉండి తీరాలి.

ఎండకి వెరవకపోతే మే 9 ప్రాంతం చూడండి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం 12.12 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిలువుగా ఉన్న పైపు నీడ కనిపించదు. పైపు ఒక డిగ్రీ వంగినా నీడ పడుతుంది, అందుకని తాపీమేస్త్రీ తూకపు గుండుతో నిలువు సరిచూసి పాతండి. ఆగస్టు మొదటి వారంలో మళ్లీ ఇదే జరుగుతుంది గానీ, మబ్బుల వల్ల ఆ రోజును నమ్ముకుని ఆహ్వానాలు అచ్చు వేయించడం మంచిది కాదు.