తలకట్టు వేరు, సెరిఫ్ వేరు

సందేహం: మా అమ్మాయి శుభలేఖలు ఇక్కడి ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో అచ్చుకిచ్చాం. ఇంగ్లీషు వైపు పేర్లు ‘బోల్డ్ ఇటాలిక్ సెరిఫ్’లో పెట్టారు. తెలుగు వైపూ అలాగే రావాలని ‘తలకట్టున్న లావు వాలు అక్షరాలు’ అని రాసిచ్చాను. సరైన మాటలేనా? – ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

సమాధానం: లావుకూ వాలుకూ అడ్డు చెప్పను. తలకట్టు దగ్గరే పేచీ.

రోమన్ అక్షరాల్లో గీత ముగిసేచోట ఉండే చిన్న కొసగీత సెరిఫ్. పెద్ద ‘ఐ’కి పైనా కిందా అడ్డంగా కనిపించేది అదే. తీసేసినా ఐ ఐగానే ఉంటుంది. మన తలకట్టు అలా కాదు, దాని స్థానంలో గుడి పెడితే ‘క’ కాస్తా ‘కి’ అవుతుంది. పైగా ఖ, జ, ట, ణ, బ, ల లకు తలకట్టే లేదు, వాటినేం చేస్తారు? సెరిఫ్‌ని సెరిఫ్ అనే రాయండి.

బోల్డ్‌ని ‘బొద్దు అక్షరం’ అనేవారూ ఉన్నారు. బాగుంది, కానీ బోల్డుకీ బొద్దుకీ చుట్టరికం లేదు.

ఇటాలిక్ అంటే ఒట్టి వాలు కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ వర్జిల్ కావ్యాలను ఈ అక్షరాల్లో అచ్చువేశాడు. చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో, నమూనా అప్పటి చేతిరాత. అందుకే మంచి ఇటాలిక్‌లో చిన్న ‘ఏ’ నెత్తిమీది కొక్కెం పోయి గుండ్రటి పొట్టే మిగులుతుంది. మన కరణాల గొలుసుకట్టు గుర్తొస్తుంది నాకు. అయినా తమిళులూ ‘సాయ్వెళుత్తు’ అని వాలునే పట్టుకున్నారు, మనకూ ‘వాలు అక్షరం’ చాలు.

ఇంగ్లీషులో బోల్డ్ ఇటాలిక్ ఒక పేరుకో, ముఖ్యమైన ఒక మాటకో అందం. పేరా అంతా పెడితే కళ్లు లాగుతాయి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి విడిగా ఇటాలిక్ ఉండదు, కంప్యూటర్ ఉన్న అక్షరాన్నే పక్కకు తోసేస్తుంది. దానికి లావు కూడా తోడైతే చిన్న సైజులో ‘థ’ కడుపులో చుక్క పూడిపోయి ‘రఘునాథ్’ ‘రఘునాధ్’ అయి కూర్చుంటాడు. అందుకని తెలుగు పేర్లు నిటారుగానే ఉంచి, లావు చేసి, ఒక సైజు పెంచమనండి. ప్రూఫు చేతికొచ్చాక ముందు ఒత్తులూ చుక్కలూ చూడండి, బంగారు సిరా సంగతి తర్వాత.