అలాద్దీన్ వాళ్ళమ్మ ఏమైంది?

ప్రశ్న: 2019 ‘అలాద్దీన్’ సినిమా పిల్లలకి ఇంగ్లీషులో చూపించాలా, తెలుగు డబ్బింగ్‌లోనా?

తెలుగులోనే. దీపంలోని భూతం జీనీకి వెంకటేష్, అలాద్దీన్‌కి వరుణ్ తేజ్ గొంతిచ్చారు. ఆ సంక్రాంతికే ‘ఎఫ్ 2’లో ఇద్దరి గోలా చూసి నవ్వుకుని ఉన్నాం కాబట్టి సగం పని అక్కడే అయిపోయింది. జీనీగా వేసిన విల్ స్మిత్ గొప్ప నటుడే, కాదనను. మా ఇంట్లో జోకు పేలాలంటే మాత్రం వెంకీయే కావాలి.

నా గొడవ వేరే ఉంది. 2014 అక్టోబరులో విశాఖకి హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధికి ఐదు రోజులు కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. మావాడికి అప్పుడు నాలుగేళ్ళు. చీకటంటే భయపడి ఒకటే ఏడుపు. మా అమ్మ కొవ్వొత్తి పక్కన కూచుని వాడికి అల్లావుద్దీన్ కథ మొదలెట్టింది. ఆవిడ కథలో అసలు హీరో అల్లావుద్దీన్ తల్లి. ఇంట్లో తిండి లేక, పాత దీపం అమ్ముదామని ఇసుక పెట్టి తోమబోతుంది. భూతం ఊడిపడుతుంది, ఈవిడ మూర్ఛపోతుంది. తర్వాత పళ్ళెం నిండా రత్నాలు పెట్టుకుని, కొడుక్కి పిల్లనివ్వమని అడగడానికి సుల్తాను కొలువుకి వెళ్తుంది. ఎవరూ పలకరించరు. రోజూ వెళ్ళడం, నిలబడి నిలబడి తిరిగొచ్చెయ్యడం. ఆ ఘట్టం మా అమ్మ రేషను డిపో ముందు క్యూలో నిలబడినట్టే చెప్పేది. ఐదు రాత్రులూ అదే కథ.

2019 మే నెలలో, మావాడి మూడో తరగతి సెలవుల్లో, వాడినీ అమ్మనీ సినిమాకి తీసుకెళ్ళాను. హాలు పేరెందుకులెండి. పాప్‌కార్న్ డబ్బాకి పెట్టిన డబ్బుతో పూర్ణా మార్కెట్లో వారం కూరలొస్తాయి. అమ్మ తన కళ్ళజోడు మీద త్రీడీ కళ్ళజోడు పెట్టుకుని, అది జారిపోకుండా ఒక చేత్తో పట్టుకునే కూర్చుంది. జీనీ నోరు విప్పగానే, "ఒరే, ఇది మన వెంకటేష్ గొంతు కదరా! మరి ఆ నీలం రంగేటి?" అంది. ముందు వరుసలో వాళ్ళు కూడా నవ్వారు.

కాసేపటికి మావాడు గట్టిగా అడిగేశాడు: "నానమ్మా, వాళ్ళమ్మ ఏది?"

సినిమాలో అమ్మ లేదు. కుర్రాడు అనాథ. 1992లో వచ్చిన బొమ్మల సినిమాలోనూ ఇంతే, ఆ ముచ్చటే దీనిలోకీ వచ్చింది.

కథ మార్చకూడదనే మనిషిని కాదు నేను. అసలీ కథే నోటిమాట. 1709లో పారిస్‌లో, సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే కుర్రాడు చెబితే, గాలాన్ అనే ఫ్రెంచి పండితుడు విని తన ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ కథల పుస్తకంలో కలిపేశాడు. అందులో అలాద్దీన్‌ది చైనా. సినిమావాళ్ళు అగ్రబా అన్నారు, అననీండి. మూడే కోరికలన్న లెక్క కూడా పాత కథలో లేదు. ఉంగరానికి ఇంకో భూతం ఉంటుంది, దాన్నీ ఎత్తేశారు. అదీ సరే. కానీ తల్లిని తీసేశాక, ఆవిడ పళ్ళెం పట్టుకుని నడిచిన దారి మొత్తం వెంకటేష్ మంత్రం వేసిన ఏనుగుల ఊరేగింపుకి పోయింది. అది కళ్ళకి బాగుంటుంది, నిజమే. మా వాడూ చప్పట్లు కొట్టాడు. ఆ ఏనుగులకంటే ఆ ముసలావిడ కాళ్ళనొప్పులకే నేనెక్కువ మార్కులేస్తాను.

బయటికొచ్చి బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటుంటే, సినిమా ఎలా ఉందని అమ్మని అడిగాను.

"ఇంగ్లీషుదైతే ఇంటర్వెల్‌కే లేచొచ్చేద్దును. వెంకటేష్ మాట్లాడుతున్నాడు కదా, మధ్యలో లేస్తే బాగోదని కూర్చున్నాను" అంది.