వ్యూహాత్మక గేమ్ డిజైనర్ కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సివిలైజేషన్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వంటి గేములంటే చాలా ఇష్టం. అలాంటి వాటికి డిజైనర్ కావాలని ఉంది. అందుకు ప్రత్యేకమైన కోర్సు చేయాలా? ఈ వృత్తిని నమ్ముకుని జీవితం గడుస్తుందా అని మా నాన్నగారు అడుగుతున్నారు.

జవాబు: మీ ఇద్దరి ప్రశ్నల్లో నాన్నగారిదే కష్టమైనది కనుక దానికి చివర్లో వస్తాను. ముందుగా ఈ డిజైనర్ రోజంతా ఏం చేస్తాడో తెలుసుకోవడం అవసరం. కథ ఊహించడం, బొమ్మలు గీయడం అతని పనిలో స్వల్పభాగమే. ఒక సైనిక దళానికి ఎంత ఖర్చవ్వాలి, అది ఎన్ని గడులు కదలాలి, ధాన్యాగారం ముందు కట్టిన ఆటగాడికీ సైన్యం ముందు పెంచిన ఆటగాడికీ గెలిచే అవకాశాలు సమానంగా ఉన్నాయా అనే లెక్కలతో, స్ప్రెడ్‌షీట్ల ముందు, ఎక్కువ కాలం గడుస్తుంది. ఆసక్తికరమైన నిర్ణయాల వరుసే ఆట అని సివిలైజేషన్ సృష్టికర్త సిడ్ మైయర్ చెప్పిన నిర్వచనం ఈ రంగంలో అందరికీ కంఠస్థం. ఏ పరిస్థితిలోనైనా ఒకే ఎత్తుగడ గెలిపిస్తోందంటే అక్కడ నిర్ణయమంటూ ఏమీ మిగలలేదని అర్థం. అటువంటి చోట్లను వెతికి సరిచేయడాన్నే బ్యాలెన్సింగ్ అంటారు.

1991లో వెలువడిన సివిలైజేషన్ తొలి నమూనాలో కాలం దానంతట అదే నడిచేది. ఆటగాడు ఆడేదానికంటే చూస్తూ కూర్చునేదే ఎక్కువైందని గ్రహించిన మైయర్, దానిని వంతులవారీ ఆటగా, అంటే టర్న్ బేస్డ్ గేమ్‌గా, మార్చేశారు. ఏదైనా సంఖ్య సరిపోలేదనిపిస్తే కొద్దికొద్దిగా సవరిస్తూ పోకుండా ఒక్కసారిగా రెట్టింపు చేయాలని, లేదా సగానికి తగ్గించాలని కూడా ఆయన సలహా ఇస్తారు. అలా చేస్తే లోపం ఆ సంఖ్యలో ఉందో లేదో వెంటనే బయటపడుతుంది. తాను నెలల తరబడి కట్టుకున్నదాన్ని ఇలా కూలదోయగలగడం ఈ వృత్తికి, నా దృష్టిలో, తెలివితేటలకంటే ముఖ్యమైన అర్హత.

ఇక చదువు సంగతి. పేరుపొందిన వ్యూహాత్మక గేమ్ డిజైనర్లందరూ ఒకే చదువు చదివి రాలేదు. 1983లో మ్యూల్ అనే గేమ్‌ను రూపొందించిన డ్యానీ బంటెన్ చదివింది ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్. సివిలైజేషన్ రెండో భాగానికి డిజైనర్ అయిన బ్రయాన్ రేనాల్డ్స్‌ది తత్త్వశాస్త్ర నేపథ్యం. 2005లో వచ్చిన నాలుగో భాగానికి ప్రధాన డిజైనర్ అయిన సోరెన్ జాన్సన్ చరిత్రతో పాటు కంప్యూటర్ సైన్స్ కూడా చదివారు. ఆ గేమ్‌లో కంప్యూటర్ ప్రత్యర్థి ఆలోచించే తీరును, అంటే ఏఐని, రాసిందీ ఆయనే. కాబట్టి ప్రత్యేక కోర్సు కోసం మీ డిగ్రీని వదులుకోవద్దు. దానికి తోడుగా సంభావ్యత, గణాంకాలు, ఆర్థికశాస్త్రంలో ప్రాథమికాంశాలు, కొంత చరిత్ర చదవండి.

నియామకాల సమయంలో సర్టిఫికెట్‌కంటే మీరు పూర్తిచేసిన ఆటకే విలువ ఎక్కువ. "పూర్తిచేసిన" అనే మాటను గట్టిగానే అంటున్నాను, ఎందుకంటే సగంలో ఆగిన భారీ సామ్రాజ్యాల గేములు ప్రతి ఔత్సాహికుడి దగ్గరా ఉంటాయి. మొదట కాగితం మీద గడులు గీసి, పావులు పెట్టి, ఇరవై నిమిషాల్లో ముగిసే ఆట ఒకటి తయారుచేయండి. దానిని మిత్రులు ఆడుతుంటే మధ్యలో నోరు విప్పకుండా గమనించి, వారు ఎక్కడ తికమకపడ్డారో, ఎక్కడ విసుగుపడ్డారో రాసుకోండి. ఆ తర్వాత మీకు పరిచయమున్న గేమ్‌కు మాడ్ చేయండి, అంటే దాని నియమాలనో ఫైళ్లనో మార్చి మీదైన రూపం తయారుచేయండి. సివిలైజేషన్ నాలుగో భాగంలో నియమాలు చాలావరకు ఎక్స్ఎంఎల్ ఫైళ్లలో, పైథాన్‌లో ఉన్నందువల్ల వాటిని విప్పి చూడటమే ఒక పాఠం. 2010లో వచ్చిన ఐదో భాగానికి ప్రధాన డిజైనర్‌గా పనిచేసిన జాన్ షేఫర్ మాడ్లు చేస్తూ ఎదిగినవారే.

నాన్నగారి సందేహంలో న్యాయం ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ సృష్టించిన ఎన్సెంబుల్ స్టూడియోస్ అంతటి విజయాల తర్వాత కూడా 2009లో మూతపడింది. ఒక గేమ్ విడుదల కాగానే ఉద్యోగుల్ని తగ్గించడం, విడుదలకు ముందు నెలల్లో రాత్రింబవళ్లు పనిచేయించడం ఈ పరిశ్రమలో కొత్తేమీ కాదు. డిజైనర్ ఉద్యోగాలు ప్రోగ్రామర్ ఉద్యోగాలకంటే తక్కువ, నేరుగా డిజైనర్‌గా చేరేవారు మరీ తక్కువ. అందువల్ల గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌గానో టెస్టర్‌గానో ప్రవేశించి, లోపల నుంచి డిజైన్ వైపు జరగడమే మీకు అనువైన దారి. మధ్యలో స్టూడియో మూతపడినా కోడ్ రాయగల వ్యక్తికి సాఫ్ట్‌వేర్‌లో మరోచోట పని దొరుకుతుంది. డిగ్రీ ముగిశాక ఒకటి రెండేళ్ల గడువు పెట్టుకుని, ఆలోగా గేమ్ రంగంలో ఏ హోదాలోనూ అవకాశం రాకపోతే మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి తీరిక వేళల్లో మీ ఆటను కొనసాగిస్తారని నాన్నగారికి చెప్పండి. ఈ ఒప్పందానికి ఆయన అంగీకరించవచ్చు.