టోక్యో రైల్లో ఇంటి నుంచి ఫోన్ వస్తే

రైల్లో అమ్మగారి ఫోన్ ఎత్తి మెల్లగానే మాట్లాడినా పక్కవాళ్లు ముఖం చిట్లించారని రాశారు. సమస్య మీ గొంతు కాదండీ. జపాన్ రైళ్లలో కాల్ మాట్లాడకపోవడమే పద్ధతి. పక్కనున్న స్నేహితుడితో మెల్లగా కబుర్లు చెప్పుకోవచ్చు, ఫోన్లో మాత్రం కూడదు. మనకు వింతే, కానీ బోగీలో వచ్చే ప్రకటన కూడా అదే చెబుతుంది.

రైలెక్కే ముందే ఫోన్ 'మ్యానర్ మోడ్'లో, అంటే సైలెంట్‌లో పెట్టండి. కాల్ వస్తే కట్ చేసి, "రైల్లో ఉన్నా, దిగాక చేస్తా" అని ముందే రాసిపెట్టుకున్న మెసేజ్ పంపండి. ఉత్తగా కట్ చేశారా, ఇంట్లోవాళ్లు కంగారుపడి వరసపెట్టి చేస్తూనే ఉంటారు. మరీ అత్యవసరమైతే తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీద మాట్లాడండి, నగరంలో ఇంకో రైలు కొద్ది నిమిషాల్లోనే వస్తుంది. షింకన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో అయితే దిగక్కర్లేదు, బోగీల మధ్య తలుపుల దగ్గరికి వెళ్తే చాలు. వృద్ధులు, గర్భిణులు వంటివారి కోసం ఉంచే ప్రయారిటీ సీట్ల దగ్గర రద్దీగా ఉన్నప్పుడు ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయమంటారు. టోక్యో చుట్టుపక్కల 2015 దాకా రద్దీ లేకపోయినా ఆఫ్ చేయమనేవారు.

అసలు మందు వేళ కుదుర్చుకోవడం. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. ఇక్కడ అమ్మగారు భోజనం చేసి రాత్రి 8:30కి తీరిగ్గా ఫోన్ చేస్తే మీకు అర్ధరాత్రి. మీరు రాత్రి 9కి గది చేరి చేస్తే ఇక్కడ సాయంత్రం 5:30, కాఫీ వేళ.

నడుస్తూ మెసేజ్ కొట్టకండి. టోక్యో పక్కనున్న కనగావా ప్రాంతంలోని యమాతో నగరంలో 2020 నుంచి దానిమీద నిషేధమే ఉంది, జరిమానా మాత్రం లేదు.