కువైట్‌లో ఖాదిం వీసా మీద పనిచేసి వచ్చేవాళ్లకు సర్వీసు డబ్బు వస్తుందా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మ ఖాదిం (ఇంటి పనివాళ్ల) వీసా మీద కువైట్‌లో ఒకే ఇంట్లో 12 ఏళ్లుగా చేస్తోంది, జీతం 100 దినార్లు. వచ్చే నెల ఆకామా (అక్కడ ఉండే పర్మిట్) కేన్సిల్ చేయించుకుని కడపకు వచ్చేస్తానంటోంది. సర్వీసు డబ్బు (పని మానేసి వచ్చేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి ఇచ్చేది) షోన్ (కంపెనీ) వీసా వాళ్లకే గానీ ఖాదింకు పైసా రాదని ఏజెంటు చెప్పినాడు. అది నిజమేనా, ఇక్కడికొచ్చినాక పింఛన్ ఏమైనా ఉంటుందా అని.

ఏజెంటు చెప్పింది తప్పు. నేను ఇంటి డ్రైవరుగా అదే ఖాదిం వీసా మీద పోయినోణ్ణి. 2024లో జులై మధ్య నుంచి సెప్టెంబరు 12 దాకా ఖాదిం నుంచి షోన్‌కు మారనిచ్చినారు కదా, అప్పుడు 50 దినార్లు కట్టి మారినా. అందుకే రెండు వైపులా లెక్క తెలుసు.

కువైట్‌లో మనం చేసే పనిని బట్టి కాదు, ఆకామా ఏ నంబరు మీద ఉందో దాన్ని బట్టే చట్టం వర్తిస్తుంది. 20వ నంబరు అంటే ఖాదిం, ఇంటి పనివాళ్లది. దానికి 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఉంది. 18 అంటే షోన్, కంపెనీలది. దానికి 2010 నాటి 6వ నంబరు చట్టం. ఖాదిం వీసా తీసుకుని ఏ బకాలాలోనో (కిరాణా కొట్టు) హోటల్లోనో పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు షోన్ చట్టం కింద అడగలేరు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో చేయలేదు కాబట్టి అక్కడా నోరెత్తలేరు. మీ అమ్మకు ఆ తంటా లేదు.

ఖాదిం చట్టం ప్రకారం పని ముగించుకుని వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాల. అమ్మకు 12 ఏళ్లకు 1,200 దినార్లు. మన రూపాయల్లో మూడు లక్షల పైమాటే. వాడుకోని సెలవులకు జీతం, తిరుగు టికెట్ ఇవి కాక. జీతం ఆలస్యం చేస్తే నెలకు 10 దినార్లు అదనంగా ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది, అది ఎంతమంది పాటిస్తారో మనకు తెలిసిందే.

షోన్ లెక్క వేరే. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ పైన ఏడాదికి ఒక నెల. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు జీతం వస్తుంది. 200 దినార్ల జీతగాడు 12 ఏళ్లు చేస్తే సుమారు 1,977 దినార్లు. ఎంత చేసినా మొత్తం ఏడాదిన్నర జీతం దాటదు. తనంతట తాను రాజీనామా చేస్తే మూడేళ్ల లోపు ఏమీ రాదు, అయిదేళ్ల లోపు సగం, పదేళ్ల లోపు మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే మొత్తం. మీ అమ్మకు ఇది అవసరం లేదు గానీ, ఇది చదివేవాళ్లలో షోన్ వాళ్లు కూడా ఉంటారని రాస్తున్నా. వాళ్లు పని మానేసిన ఏడాది లోపలే కేసు వేయాల.

చట్టం దాకా పోకముందే మనవాళ్లు ఆగిపోయేది ఇంకో చోట. మా వదిన ఫర్వానియాలో ఒక ఇంట్లో చేసేది. మంచి ఇల్లు. ఇంటావిడను మామా అని పిలిచేది. రంజాన్‌కు బట్టలు, కూతురి పెళ్లికి గాజులు పెట్టినారు. వచ్చేటప్పుడు సర్వీసు లెక్క అడుగు వదినా అంటే, "మామా అంత చూసుకునింది, ఎట్లా అడిగేది నోరు తెరిచి?" అని ఒకటే పాట. గాజులు ఆమె సంతోషంగా పెట్టినవి, ఇది నీ జీతంలో భాగం అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి శుక్రవారం మాలియాలో (కువైట్ సిటీలో మనవాళ్లు కలిసే చోటు) కలిసినప్పుడు ఆమె ఫోను నేనే తీసుకుని, ఆమె చెప్పినట్టే మామాకు అరబ్బీలో వాయిస్ మెసేజ్ పెట్టినా. చట్టం ఇది, మీరు ఇస్తారని నమ్మకం అని, అంతే. మామా కోప్పడలేదు. ఇట్లాంటిది ఉందని ఆమెకు తెలియనే తెలియదంట.

పేచీ పెట్టింది ఆమె కొడుకు. చివరి కాంట్రాక్టు రెండేళ్లదే కాబట్టి రెండు నెలల జీతమే ఇస్తానన్నాడు. అప్పుడు పనికొచ్చింది కడప అల్మాస్‌పేటలో వాళ్లింట్లో బీరువా అడుగున పడి ఉన్న పాత పాస్‌పోర్టు. 2019 మార్చి దాకా ఆకామా స్టిక్కరు పాస్‌పోర్టులోనే అతికించేవాళ్లు. మూల కత్తిరించిన ఆ పుస్తకంలో అదే కఫీల్ పేరుతో వరసగా స్టిక్కర్లు. మా అన్న పేజీపేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినాడు. కొడుకు చూసి ఇంకేమీ అనలేదు. మీ అమ్మ పాత పాస్‌పోర్టు ఇంట్లో ఉంటే ఈరోజే వెతికి పెట్టండి. 2019 తర్వాతవి సహెల్ యాప్‌లో (కువైట్ ప్రభుత్వ యాప్) దొరుకుతాయేమో చూడమనండి.

కేన్సిల్ చేసేటప్పుడు అరబ్బీలో ఒక కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టించుకుంటారు. నాకు రావలసినదంతా ముట్టింది అని ఉంటుంది అందులో. చేతికి లెక్క రాకుండా దాని మీద సంతకం పెడితే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. టైపింగ్ సెంటర్‌లో కూర్చునే మలబారీ పిల్లలకు అరబ్బీ చదవడం వస్తుంది, పావు దినారో అర దినారో ఇచ్చి చదివించుకోమనండి. ఇవ్వమని మొండికేస్తే మ్యాన్‌పవర్ అథారిటీలో ఇంటి పనివాళ్లకు వేరే విభాగం ఉంది, అక్కడ ఫిర్యాదు ఇవ్వాల. దయ్యాలోని మన ఎంబసీలో కూడా సాయం చేస్తారు. ఏదైనా ఆకామా బతికుండగానే. కోపమొచ్చి ఇల్లు వదిలి బయటికి మాత్రం రావద్దనండి. కఫీల్ పారిపోయిందని కేసు పెడితే ఆమె ఖల్లివల్లి (చట్టవిరుద్ధంగా ఉండేవాళ్లు) కింద లెక్క, అప్పుడు డబ్బు సంగతి అటుంచి డిపోర్టేషన్ మీదికి పోతుంది.

"సెలవు మీద వచ్చి ఇక్కడే ఉండిపోతా" అనే ఆలోచన ఉంటే అది కూడా వద్దు. ఇప్పుడు ఖాదిం వాళ్లు నాలుగు నెలలకు మించి బయట ఉంటే ఆకామా పోతుంది. ఇక్కడ కూర్చుని అక్కడి లెక్క రాబట్టడం ఎంత కష్టమో చెప్పనలవి కాదు.

పింఛన్ సంగతి. కువైట్‌లో మన వాళ్లకు పింఛన్ అనేదే లేదు, అక్కడి సోషల్ సెక్యూరిటీ కువైటీలకు, చుట్టుపక్కల గల్ఫ్ దేశాల వాళ్లకు. సర్వీసు డబ్బు ఒక్కటే. ఇక్కడ 60 నిండితే వృద్ధాప్య పింఛన్, నెలకు 4,000. నాన్న లేరని రాసినారు కాబట్టి వితంతు పింఛన్‌కు 60 దాకా ఆగే పని లేదు. రైస్ కార్డులో అమ్మ పేరు ఉందో తీసేసినారో ముందు సచివాలయంలో కనుక్కోండి, కొత్త అప్లికేషన్లు ఎప్పుడు తీసుకుంటారో కూడా అక్కడే అడగండి.

టికెట్ మాత్రం ఇప్పుడే బుక్ చేయొద్దనండి. తేదీ దగ్గరపడితే ఏ కాగితమైనా సంతకం పెట్టేస్తారు మనవాళ్లు.