పొడుగు ఫ్లాక్స్‌లో ఏ రకం తీసుకోవాలి? పువ్వు తర్వాత, ముందు ఆకు చూడండి

మీరు అడిగింది రెండు విషయాలు కదండీ. ఎండ బాగా తగిలే చోట, ఏటా మళ్ళీ మొలిచే మొక్కల మధ్యలో ఏ ఫ్లాక్స్ (Phlox, గుత్తులుగా పూసే పూలమొక్క, అవిసె కాదు) వేస్తే బాగుంటుందనేది ఒకటి, పోయినేడు పెట్టిన గులాబీ రంగు ఫ్లాక్స్ సరిగ్గా పూతకొచ్చే టైంకి ఆకులన్నీ పిండి చల్లినట్టు తెల్లగా అయిపోయి కింద నుంచి ఎండిపోయింది, మళ్ళీ అలా అవకుండా ఏం చెయ్యాలనేది ఇంకోటి. నాకు ఈ మొక్కంటే చాలా ఇష్టం, ఏళ్ళుగా పెంచుతున్నా, అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

ముందు ఒకటి క్లియర్ చేసుకుందాం. విత్తనాల పాకెట్ల మీద ఉత్త ఫ్లాక్స్ అని రాసి ఉంటే అది ఎక్కువగా ఫ్లాక్స్ డ్రమ్మండీ (drummondii) అనే జాతి, టెక్సాస్ నుంచి వచ్చిన మొక్క, ఒక్క సీజన్ పూసి విత్తనం వేసి పోతుంది. మీకు కావాల్సింది ఫ్లాక్స్ పానిక్యులేటా. ఇది అమెరికా తూర్పు వైపు ఏటి గట్ల మీద, అడవి అంచుల్లో తనంతట తాను పెరిగే మొక్క, అంటే దీనికి వేరు దగ్గర ఎప్పుడూ కాస్త చెమ్మ, సారమున్న నేల, చుట్టూ ఆడే గాలి అలవాటు. చలికాలంలో పైనంతా ఎండిపోయి వేరు నిద్రపోవాలి, ఆ చలి పడని ఊళ్ళలో ఇది నాలుగేళ్ళు నిలబడే మొక్క కాదు, అక్కడుండేవాళ్ళు డ్రమ్మండీ ఏటా వేసుకోవడమే నయం.

ఇక మీ మొక్కకి వచ్చింది బూడిద తెగులే. ఆకులు తడవడం వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, ఈ శిలీంధ్రం బీజం మొలవడానికి ఆకు మీద నీళ్ళు నిలవక్కర్లేదు, గాలిలో తేమ ఉంటే చాలు. పగలు వెచ్చగా పొడిగా, రాత్రి చల్లగా తేమగా ఉండే రోజులు, గాలి కదలని ఇరుకు చోటు, కింద ఎండిపోయిన నేల, ఈ మూడూ కలిస్తే ఇంక ఆగదు. వేరుకి నీళ్ళు చాలని మొక్కని ఇది తొందరగా పట్టుకుంటుంది, అందుకే ఎండాకాలం చివర్లో, అదీ గోడ వారగా పెట్టిన వాటికి ముందు వస్తుంది. మొక్క చావడం మాత్రం అరుదు. కాబట్టి ఆ గులాబీ దాన్ని పీకి పారెయ్యకండి, వసంతంలో చిగుళ్ళు పైకొస్తున్నప్పుడు తవ్వి, గాలి ఆడే చోటికి మార్చి, కింద బోసిపోయిన కొమ్మలు కనపడకుండా ముందు పొట్టి మొక్కలేవైనా పెట్టి ఇంకో ఏడాది చూడండి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఫ్లాక్స్ పువ్వు ఐదారు వారాలు ఉంటుంది, ఆకు మాత్రం వసంతం నుంచి చలి పడేదాకా మీ కళ్ళ ముందే ఉంటుంది. కాబట్టి రంగు చూసి కాదు, ఆకు చూసి కొనండి. నర్సరీలో పూతతో ఉన్న కుండీ చూసి ఏమీ తెలియదు, దానికి రోజూ నీళ్ళు, ఎరువు, బహుశా మందు కూడా అందుతుంటాయి. పూత అయిపోతున్న రోజుల్లో ఎవరి తోటకైనా, బొటానికల్ గార్డెన్‌కైనా వెళ్ళి, నేలలో పాతిన మొక్క కింది ఆకులు ఎలా ఉన్నాయో చూడండి, అవి పచ్చగా ఉంటే ఆ పేరు రాసుకోండి, మీ వాతావరణానికి అదే సరైన రకం. ఎందుకంటే ఒకచోట శుభ్రంగా ఉన్న రకమే ఇంకోచోట తెల్లబడుతుంది, కేటలాగ్‌లో తెగులు తట్టుకుంటుంది అని రాసినంత మాత్రాన అన్ని ఊళ్ళకీ వర్తించదు.

పేర్లు అడిగారు కాబట్టి నా తోటలో ఎలా ఉన్నాయో చెప్తా. మొదటి ఓటు జీనా అనే రకానికి. అమెరికాలోని టెనసీలో నాష్‌విల్ దగ్గర హార్పెత్ నది ఒడ్డున దొరికిన మొక్క ఇది, లావెండర్ గులాబీ రంగు, ఒక్కో పువ్వు చాలా చిన్నది, కానీ గుత్తి పెద్దది, నిలువెత్తు పెరుగుతుంది. డెలవేర్‌లోని మౌంట్ క్యూబా సెంటర్ అనే బొటానికల్ గార్డెన్ వాళ్ళు 2015 నుంచి 2017 దాకా రకరకాల ఫ్లాక్స్‌లు పక్కపక్కన పెంచి పోల్చి చూశారు, అందులో అన్నిటికంటే పైన నిలిచింది ఇదే, సీతాకోకచిలుకలు ఎక్కువ వాలిందీ దీనిమీదే. నా దగ్గర కూడా సీజన్ చివరిదాకా ఆకు శుభ్రంగా ఉండే ఫ్లాక్స్ ఇదొక్కటే అనొచ్చు. పువ్వు చిన్నదిగా ఉందని ఫోటో చూసి వదిలెయ్యకండి దయచేసి, గుంపుగా పూసినప్పుడు దీని అందమే వేరు.

తెల్లది కావాలంటే డేవిడ్. పెన్సిల్వేనియాలో బ్రాండీవైన్ రివర్ మ్యూజియం దగ్గర కనిపెట్టారు, 2002లో అమెరికాలోని పెరీనియల్ ప్లాంట్ అసోసియేషన్ (ఏటా మళ్ళీ మొలిచే మొక్కలు పెంచేవాళ్ళ సంఘం) ఆ ఏటి మొక్కగా ఎంచుకుంది. సాయంత్రం వాసన కోసమైనా ఒక దుబ్బు పెట్టుకోవాలి, చీకటి పడే వేళకి దీనిమీద పెద్ద మాత్‌లు (రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి పురుగులు) వాలుతుంటే చూడాలి. చివర్లో కింది ఆకులకి కాస్త బూడిద వస్తుంది, కానీ పూత చెడదు. దీని సంతానమే షార్ట్‌వుడ్, గులాబీ రంగు, మధ్యలో ముదురు కన్ను, మీరు పోగొట్టుకున్న రంగు మళ్ళీ కావాలంటే దాన్ని చూడండి. ముదురు మెజెంటా ఇష్టమైతే రాబర్ట్ పూర్, గట్టి మొక్క, పొడుగు, వెనక వరసకి. స్టార్‌ఫైర్ ఎరుపు చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది, నాకూ ఇష్టమే, కానీ తెగులు విషయంలో బలహీనం, గాలి బాగా ఆడే చోటు ఉంటేనే పెట్టండి. నోరా లీ ఆకు అంచులు మీగడ రంగులో బావుంటాయి గానీ పెరుగుదల నెమ్మది. బ్లూ ప్యారడైజ్ గురించి ఒక్క ముక్క, పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం నీలంగా కనిపించి మధ్యాహ్నం ఎండలో ఊదాకి మారిపోతుంది, అందుకే ఫోటోల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మోసం ఏం లేదు.

పానిక్యులేటా ఒక్కటే చూడకండి, ఫ్లాక్స్ మాక్యులేటా, కరోలినా అని దగ్గర చుట్టాలున్నాయి, ఆకు సన్నగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది, బూడిద తెగులు బాగా తక్కువ, పూత కూడా ముందే మొదలవుతుంది. మిస్ లింగర్డ్ అనే తెల్ల రకం ఈ గుంపులోదే. ఆకుల గొడవతో విసిగిపోయినవాళ్ళకి నేను ముందు ఇదే చెప్తా. నీడ చోటుకైతే డైవారికేటా, స్టోలోనిఫెరా, బండల మీద పరుచుకోవాలంటే సుబ్యులేటా, ఇవి వసంతంలో పూసేవి, వీటి సంగతి వేరే.

పెంపకం దగ్గరకొస్తే, కనీసం ఆరు గంటల ఎండ, అందులో పొద్దుటి ఎండ తప్పకుండా. మొక్కకీ మొక్కకీ 45 నుంచి 60 సెంటీమీటర్లు వదలండి, పెట్టినప్పుడు బోసిగా కనిపిస్తుంది, పర్లేదు, పక్కేటికి నిండిపోతుంది. పాతేటప్పుడు బాగా మాగిన కంపోస్ట్ కలిపి, మొదలు చుట్టూ ఒక 5 సెంటీమీటర్ల మందాన ఎండాకులో గడ్డో పరిచి, వర్షం లేని వారాల్లో రోజూ కొంచెం కొంచెం కాకుండా వారానికోసారి, మరీ ఎండగా ఉంటే రెండుసార్లు, వేరు లోతుకి దిగేలా తడపండి, డ్రిప్ పైపు ఉంటే అంతకన్నా మంచిది లేదు. నైట్రోజన్ ఎక్కువున్న ఎరువు వద్దు, మెత్తటి చిగుళ్ళు వచ్చి తెగులుకి దారి ఇస్తాయి.

అన్నిటికంటే ఫలితం ఇచ్చే పని పిలకలు తీసెయ్యడం. వసంతంలో జానెడెత్తు రాగానే దుబ్బుకి లావుపాటి పిలకలు ఐదారు ఉంచి సన్నవి మొదలుకంటా కత్తిరించండి. చెయ్యి రాదు, తెలుసు, అన్నీ పచ్చగా ఆరోగ్యంగానే కనిపిస్తాయి, కానీ మధ్యలోంచి గాలి వెళ్ళాలంటే ఇదొక్కటే దారి, పైగా ఉన్న కొమ్మలకి గుత్తులు పెద్దవి వస్తాయి. ముందు వరసలో ఉన్న కొమ్మల్ని మోకాలెత్తులో ఉన్నప్పుడు చివర్లు తుంచితే అవి పొట్టిగా ఉండి కాస్త లేటుగా పూస్తాయి, అలా పూత కాలం సాగుతుంది. మందు కొట్టాలంటే పొటాషియం బైకార్బనేట్ గానీ గంధకం గానీ మొదటి మచ్చ కనపడగానే మొదలుపెట్టాలి, తెల్లబడ్డాక కొట్టి లాభం లేదు, గంధకం మాత్రం 30 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది. చలికాలం ముందు కొమ్మలన్నీ నేలకి కోసి తోట బయటకి పంపెయ్యండి, కంపోస్ట్ గుంటలో వెయ్యకండి.

వాడిన గుత్తుల్ని విత్తనం కట్టకముందే కోసెయ్యడం కూడా మర్చిపోవద్దు. నా తెల్ల ఫ్లాక్స్ మెజెంటాగా మారిపోయిందని చాలామంది అంటుంటారు, మొక్క రంగు మారదండీ, దాని విత్తనం పక్కనే పడి మొలిచిన పిల్లలు తల్లి పోలికతో రావు, ఎక్కువగా ఆ పాత మెజెంటాకే పోతాయి, పైగా తల్లికంటే జోరుగా పెరిగి దాన్ని అణిచేస్తాయి. జింకలు, కుందేళ్ళు తిరిగే చోటైతే కంచె వెయ్యాల్సిందే, లేత చిగుళ్ళు వాటికి మహా ఇష్టం.

మూడు నాలుగేళ్ళకోసారి దుబ్బు తవ్వి, మధ్యలో కట్టెలా గట్టిపడిన పాత భాగం పడేసి, చుట్టూ ఉన్న లేత ముక్కలు మళ్ళీ పాతుకోండి. ఆకులు దారాల్లా సన్నబడి మెలి తిరిగి, కొమ్మలు ఉబ్బి చీలితే అది బూడిద తెగులు కాదు, నులిపురుగు (నెమటోడ్, మొక్క లోపల బతికే, కంటికి కనపడనంత చిన్న పురుగు), ఆ మొక్క మొత్తం తీసేసి ఆ మట్టిలో కొన్నేళ్ళు ఫ్లాక్స్ పెట్టకూడదు. ఎంతో ఇష్టమైన రకం అలా అయితే ఒక దారుంది, ఆ పురుగు కొమ్మల్లో ఆకుల్లో ఉంటుంది గానీ వేరు లోపల ఉండదు, కాబట్టి శరదృతువులో పెన్సిలంత వేరు తీసి బాగా కడిగి, వేలెడు ముక్కలు కోసి, కొత్త మట్టి ట్రేలో పడుకోబెట్టి సన్నగా కప్పితే వసంతానికి శుభ్రమైన మొక్కలు వస్తాయి. నోరా లీ లాంటి రెండు రంగుల ఆకు రకాలకి మాత్రం ఇది చెయ్యకండి, వేరు ముక్క నుంచి వచ్చేవి ఉత్త పచ్చాకుతో వస్తాయి.