క్రోమియం మాత్రలతో బరువు తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 46 ఏళ్లు, 78 కిలోలు. షుగరుకి మెట్‌ఫార్మిన్, థైరాయిడ్‌కి లెవోథైరాక్సిన్ వాడుతున్నాను. క్రోమియం పికోలినేట్ 200 మైక్రోగ్రాములది వేసుకుంటే ఒళ్లు తగ్గుతుందని మందుల షాపులో చెప్పారు. వాడొచ్చాండీ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: డబ్బు దండగమ్మా. వైద్య పరిశోధనలను కూడగట్టి జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2013లో 9 ప్రయోగాలను, 622 మందిని కలిపి చూసింది. రోజుకి 200 నుంచి 1000 మైక్రోగ్రాముల దాకా వాడినవాళ్లు 12–16 వారాల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే తగ్గింది సుమారు 1.1 కిలో. ఆ ఆధారం కూడా బలహీనమైనదేనని వాళ్లే రాశారు. మోతాదు పెంచితే ఎక్కువ తగ్గుతారన్న రుజువూ లేదు.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. క్రోమియం లెవోథైరాక్సిన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇప్పటికే కొనేసి ఉంటే రెంటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. షుగరు మందుతో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు వస్తే వెంటనే పరీక్షించుకోండి. కిడ్నీ జబ్బుంటే అసలు ముట్టుకోవద్దు.

రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఆ జాగాలో ఆనపకాయ కూరో చేపల పులుసో పెట్టుకోండి. పులుసులో నూనె తేలకూడదు సుమా! మన కోనసీమ వంటల్లో కొబ్బరి లెక్క కూడా చూసుకోవాలి.